గోడ అవతల లొల్లి: ఫోన్ ఆయన చేతిలో ఉంటే ఆమె చట్టం దాకా ఎట్లా పోవాలి?

ఇవాళ ఆదివారం, 2021 మే 23. మట్టెవాడలో మా ఇంట్లోంచే రికార్డ్ చేస్తున్నా. టైం పదకొండు దాటింది, గల్లీలో ఒక్క బండి చప్పుడు లేదు. నిన్నటి నుంచి పోలీసులు బాగా గట్టిగా ఉన్నారు, పది తర్వాత రోడ్డు మీద కనిపిస్తే బండి సీజే. మొన్న శుక్రవారం ముఖ్యమంత్రి గారు ఎంజీఎంకు వచ్చినప్పుడు ఉన్న హడావుడికి, ఈ నిశ్శబ్దానికి పొంతనే లేదు. మధ్యమధ్యలో అంబులెన్స్ సైరన్ వినిపిస్తే ఏమనుకోకండి, ఎంజీఎం మాకు బాగా దగ్గర.

చాలామంది ఆక్సీమీటర్ గురించి చెప్పమని అడిగారు. అది వచ్చే వారం చేస్తా. ఈ వారం చెప్పేది ఏడాది నుంచి నా దగ్గర బాకీ ఉన్న విషయం.

2020 ఏప్రిల్. అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వర్క్ ఫ్రం హోం ఇవ్వగానే లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని ఇంటికొచ్చేశా. మాది పాత ఇల్లు. మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. రాత్రి తొమ్మిదిన్నరకు క్లయింట్ కాల్ ఉండేది. ఒకరోజు కాల్ మధ్యలో గోడ అవతల గిన్నె విసిరిన చప్పుడు, వెంటనే పిల్లాడి ఏడుపు, ఆ తర్వాత "కొట్టకు, పిల్లలు చూస్తున్నరు" అని ఆమె గొంతు. కాల్‌లో ఉన్నవాళ్లకు వినిపిస్తుందేమో అని నేను మైక్ మ్యూట్ చేశా. చేసింది అంతే. తెల్లారి అమ్మతో అంటే, "వాళ్లింట్ల లొల్లి మనకెందుకు బిడ్డా, మొగుడు పెండ్లాల మధ్యల పోతె మనమే చెడ్డోళ్లమైతం" అంది. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట హాయిగానే అనిపించింది. ఏమీ చేయక్కర్లేదు కదా. మూడో రోజు నుంచి కాల్ లేకున్నా హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మొదలుపెట్టా.

ఆమెను ఈ వీడియోలో అక్క అనే అంటా. ఆమెను అడిగి, సరే అన్నాకే చెప్తున్నా. కొన్ని వివరాలు మార్చా. మా గల్లీవాళ్లు ఎవరైనా చూస్తుంటే దయచేసి ఆరా తీయకండి.

ఇది మా ఒక్క గల్లీ సంగతి కాదని అప్పుడే పేపర్లలో వచ్చింది. జాతీయ మహిళా కమిషన్‌కు 2020 మార్చి 25 నుంచి మే 31 వరకు 1,477 గృహహింస ఫిర్యాదులు వచ్చాయి. అంతకుముందు పదేళ్లలో మార్చి నుంచి మే దాకా ఎప్పుడూ అన్ని రాలేదు. అది కూడా పోస్టు నడవక, ఉత్తరాలు ఆగిపోయి, ఎక్కువగా ఈమెయిల్ రాయగలిగినవాళ్లే రాసిన రోజుల్లో. అందుకే కమిషన్ ఏప్రిల్ 10న ఒక వాట్సాప్ నంబర్ పెట్టింది, 7217735372. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం వాళ్లు కూడా అదే నెలలో దీన్ని కరోనా నీడలో నడుస్తున్న ఇంకో మహమ్మారి అన్నారు.

మన రాష్ట్రం లెక్క కూడా చెప్తా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ఫలితాలు మొన్న డిసెంబర్‌లో వచ్చాయి. తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యామని చెప్పారు. ఆ సర్వే 2019లో చేసింది. అంటే కరోనా రాకముందే పరిస్థితి అది. దేశం మొత్తం మీద నాలుగో విడత సర్వే చూస్తే, హింసకు గురైనవాళ్లలో నూటికి 77 మంది ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు. అమ్మకు కూడా. కాబట్టి కమిషన్ దగ్గరున్న 1,477ను దెబ్బలు తిన్నవాళ్ల లెక్క అనుకోకండి, ఫోన్ చేతికి దొరికినవాళ్ల లెక్క అనుకోండి.

లాక్‌డౌన్ అక్క దగ్గర్నుంచి ఏం లాక్కుందో చెప్తా. మన దగ్గర ఆడపిల్లకు అత్తగారింట్లో కష్టమొస్తే మొదటి ఆసరా చట్టం ఎప్పుడూ కాలేదు. తల్లిగారిల్లే ఆసరా. పిల్లల్ని పట్టుకొని బస్సెక్కి పోయి నాలుగు రోజులుంటే, ఇటునుంచి పెద్దమనుషులు పోయి, పంచాయితీ పెట్టి, తీసుకొచ్చేవారు. ఆ పంచాయితీల్లో న్యాయం జరిగేదని నేను అనట్లేదు. ఎక్కువ పంచాయితీలు "సర్దుకపో బిడ్డా" దగ్గరే ఆగేవి. కానీ ఆ నాలుగు రోజులైనా దెబ్బలుండవు కదా. 2020 మార్చి 22న బస్సులు ఆగాయి. మన జిల్లాల్లో మళ్లీ కదిలింది మే 19న. లెక్కేయండి, 58 రోజులు. అక్క తల్లిగారిల్లు ఇక్కడికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు.

ఇంక చిన్న చిన్న ఆసరాలు. ఆయన పనికి పోయిన టైం. బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డప్పుడు ఇంకో తల్లితో ఓ మాట. గుడికి పోయినప్పుడు చెల్లెకు ఫోన్. అన్నీ ఒక్కరోజులో బందయ్యాయి. మిగిలింది ఒక ఫోన్. ఆ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే, అది ఆయన దగ్గర. పిల్లాడికి ఆన్‌లైన్ క్లాస్ ఉంటే ఆ గంట పిల్లాడి చేతిలో, ఆయన పక్కనే. మా ఇంజినీర్ల భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం, ఒక్కటి ఆగితే మొత్తం కూలిపోయే చోటు. ప్రభుత్వాలు, కమిషన్లు, స్వచ్ఛంద సంస్థలు మంచి మనసుతోనే బోలెడు నంబర్లు ఇచ్చాయి. అన్ని నంబర్లూ పోయేది ఆయన జేబులో ఉన్న ఆ ఒక్క ఫోన్ మీదుగానే.

తాగుడు గురించి అడుగుతారని తెలుసు. పోయిన ఏడాది వైన్స్ మార్చి 22 నుంచి మే 6 దాకా మూతే. అప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి మందు దొరక్క చేతులు వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఎంతమంది వచ్చారో వార్తల్లో చూశాం. ఈ ఏడాది పాలు, కూరగాయలు, వైన్స్ మూడూ ఉదయం ఆరు నుంచి పది మధ్యలోనే. అంటే పదింటికి తలుపు మూసుకునేసరికి సీసా కూడా లోపలే ఉంటుంది. కానీ అక్క ఒక మాట చెప్పింది, నాకు అది చాలా ముఖ్యం అనిపించింది. "మందు దొరకని నెలన్నర ఎక్కువ కొట్టిండు. మందు దొరికినంక తాగి కొట్టిండు. మరి మందుదా తప్పు?" అంది. తాగినప్పుడు వీధిలో ఎస్సైని కొట్టనివాడు ఇంట్లో భార్యనే ఎందుకు కొడతాడో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. దీని మీద ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు అసలు విషయం, చట్టం. నేను లాయర్‌ని కాను. చదివి, ఇద్దరు లాయర్లను అడిగి, అర్థమైంది చెప్తున్నా.

అక్కకు బంధువులు చెప్పిన మాట ఏంటంటే, "కేసు పెడితే ఆయన జైలుకు పోతడు, రేపు బయటికొచ్చినంక నిన్ను ఏలుకుంటడా?" మనవాళ్లకు కేసు అంటే 498ఏ ఒక్కటే తెలుసు. 1983లో ఐపీసీలో చేర్చిన సెక్షన్ అది. భర్త, అతని బంధువులు క్రూరంగా హింసిస్తే మూడేళ్ల దాకా జైలు శిక్ష. అది పెట్టాల్సిన చోట పెట్టాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు. కానీ చాలామంది ఆడవాళ్లు మొదట కోరేది ఆయన జైలుకు పోవాలని కాదు. అక్క మాటల్లోనే చెప్పాలంటే, "కొట్టుడు బందు కావాలె, నేను నా పిల్లలు ఈ ఇంట్లనే ఉండాలె, నెలకు ఖర్చులకు ఇయ్యాలె." సరిగ్గా ఈ మూడింటికే ఇంకో చట్టం ఉంది. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం. కోర్టుల దగ్గర దీన్ని డీవీసీ అంటారు. "డీవీసీ వేసినం" అని మాట్లాడుకుంటుంటారు కదా, అదే.

ఇది ప్రధానంగా శిక్ష వేసే చట్టం కాదు. మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెడితే, ఆయన ఆమె మీద చెయ్యి చేసుకోకూడదని, ఆమె పనిచేసే చోటికి పోయి గొడవ చేయకూడదని ప్రొటెక్షన్ ఆర్డర్ ఇస్తారు. ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని రెసిడెన్స్ ఆర్డర్ ఇస్తారు. పరిస్థితి మరీ ఘోరంగా ఉంటే ఆయన్నే ఇంట్లోంచి బయటికి పొమ్మనే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉంది. నెల ఖర్చులు, వైద్యం ఖర్చులు, పిల్లలు తాత్కాలికంగా ఎవరి దగ్గర ఉండాలి, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం తిరిగి ఇప్పించడం, ఇవన్నీ ఇదే అర్జీలో అడగొచ్చు. ప్రమాదం ఉందని అఫిడవిట్ వేస్తే అవతలి మనిషి రాకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ప్రొటెక్షన్ ఆర్డర్‌ను ఆయన లెక్కచేయకపోతే, అప్పుడు అది నేరం. ఏడాది దాకా జైలు లేదా 20,000 దాకా జరిమానా లేదా రెండూ. అంటే జైలుకు పోయే దారి ఆయన చేతుల్లోనే ఉంది. మాట వింటే పోడు.

హింస అంటే దెబ్బలు మాత్రమే కాదు. రోజూ పిల్లల ముందు బూతులు తిట్టడం, ఉద్యోగం చేసే భార్య ఏటీఎం కార్డు గుంజుకోవడం, ఇంట్లో సరుకులకు డబ్బులివ్వకపోవడం కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. భార్యకే కాదు, తల్లికి, అక్కాచెల్లెళ్లకు, ఒకే ఇంట్లో ఉండే ఇంకో బంధువుకైనా వర్తిస్తుంది. కొడుకు కొడుతున్నాడని తల్లి అర్జీ పెట్టొచ్చు. ఈ లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన కొడుకుల చేతుల్లో పింఛన్ డబ్బుల కోసం దెబ్బలు తింటున్న ముసలి తల్లులు కూడా ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంటి విషయం కొంచెం ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే అక్క ఆగిపోయింది అక్కడే. "ఈ ఇల్లు మా అమ్మ పేరు మీదుంది, నీకేం హక్కుంది? నడువు బయటికి." ఈ డైలాగ్ ఎన్ని ఇళ్లలో విని ఉంటారు? చాలా ఏళ్లు చట్టం కూడా ఆ డైలాగ్‌కే బలం ఇచ్చింది. 2006లో బత్రా కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు భర్త సొంతమో, అద్దెకు తీసుకున్నదో, భర్తకు వాటా ఉన్న ఉమ్మడి ఇల్లో అయితేనే కోడలికి ఉండే హక్కు, అత్త పేరు మీద ఉంటే లేదు అంది. దాంతో కొన్ని కుటుంబాలు ఇల్లు తల్లి పేరు మీదుంది అనే ఒక్క మాటతో కేసు ముగించేవి. పోయిన ఏడాది, అంటే 2020 అక్టోబర్ 15న, సతీష్ చందర్ ఆహూజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ పాత తీర్పు సరైంది కాదని చెప్పేసింది. కోడలు ఆ ఇంట్లో కాపురం చేసి ఉంటే, అది అత్తామామల పేరు మీదున్నా, ఉమ్మడి నివాసం కిందికే వస్తుంది. ఆమెకు ఆస్తిలో వాటా వచ్చినట్టు కాదు, అది గుర్తుపెట్టుకోండి. ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రమే. అత్తామామల పరిస్థితి కూడా కోర్టు చూస్తుంది. కానీ రాత్రి పూట బట్టలు బయటికి విసిరి తలుపేసుకోవడం కుదరదు. డిసెంబర్‌లో ఇంకో తీర్పు వచ్చింది, బెంగళూరుకు చెందిన వనిత కేసు. వయోవృద్ధుల చట్టం పట్టుకొని కోడలి నివాస హక్కును పక్కకు నెట్టేయలేరని అందులో చెప్పారు. 

అక్క లాయర్ ఈ అక్టోబర్ తీర్పును కోర్టులో చూపించింది. ఆ పేజీల జిరాక్స్ అక్క ఇప్పటికీ పిల్లల బర్త్ సర్టిఫికెట్లతో కలిపి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుంది. 

లాయర్ అన్నా కదా, ఫీజు ఎక్కడిది అంటారా? ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. తెల్ల కార్డు చూపించక్కర్లేదు. జీతం ఎంత అని అడిగే పని లేదు. ప్రతి జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మన దగ్గర హన్మకొండలో, అదాలత్ అని ఆటోవాళ్లు అంటారే, ఆ కోర్టుల దగ్గర అడిగితే చూపిస్తారు. ఫోన్‌లో అయితే 15100. ఉచితం అనేసరికి ఎవరో జూనియర్‌ని అంటగడతారు అనే అనుమానం అక్కకూ ఉండింది. ఆమెకు దొరికిన లాయరమ్మ బాగానే చూసుకుంది. అందరికీ అంతే దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. 

ఇంకో హామీ కూడా ఇవ్వలేను, టైం. చట్టంలో అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని, అరవై రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలని రాసి ఉంది. చదివినప్పుడు నేను సంబరపడ్డా. అక్కకు తాత్కాలిక ఉత్తర్వు రావడానికే నెలలు పట్టింది. నోటీస్ తీసుకోలేదని ఒకసారి, ఆయన లాయర్ రాలేదని ఒకసారి, కోర్టు మూతపడి ఒకసారి. ఈ మాట దాచిపెట్టి "చట్టం మీ వెంట ఉంది" అని వీడియో చేయడం నాకు ఇష్టం లేదు. అయినా వేయాలి అనే చెప్తున్నా. ఎందుకంటే అర్జీ పడ్డ రోజు నుంచే ఒక తేడా వచ్చిందని అక్కే చెప్పింది. ఆయనకు ఆమె వెనక ఎవరో ఉన్నారని తెలిసింది.

ఎక్కడ వేయాలి? ఇక్కడే వేయాలని లేదు. తల్లిగారింటికి పోయి ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు, తాత్కాలికంగా ఉన్న చోటైనా సరే. 498ఏ కూడా అంతే, తలదాచుకున్న చోట ఫిర్యాదు చేయొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి అయిన ఊరికో, కాపురమున్న ఊరికో మళ్లీ తిరిగి రావాల్సిన పని లేదు.

సరే, ఇప్పుడు ఈ ఆరు నుంచి పది గంటల మధ్య. ఈ వీడియో చూస్తున్న అక్కలు, చెల్లెళ్లు, ముందు ఇది వినండి. ప్రాణం మీదికి వస్తే టైం చూడకండి, పది దాటినా పర్వాలేదు, 100కు ఫోన్. లాక్‌డౌన్‌లోనూ పెట్రోలింగ్ బండ్లు రోడ్డు మీదే ఉన్నాయి, నిజానికి ఇప్పుడే ఎక్కువున్నాయి. 181 మహిళల హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. వాళ్లే సఖి కేంద్రానికి కలుపుతారు, మన జిల్లాలోనూ ఉంది. అక్కడ అయిదు రోజుల దాకా ఉండటానికి చోటు, డాక్టర్, లాయర్, పోలీస్ సాయం ఒకే దగ్గర దొరకాలనేది ఆ పథకం ఉద్దేశం. మన రాష్ట్రంలో జిల్లా సంక్షేమ అధికారి ఈ చట్టం కింద రక్షణాధికారి. మీరు చెప్పింది ఒక ఫారంలో రాసి మేజిస్ట్రేట్‌కు పంపడం ఆమె లేదా ఆయన పని. దాన్ని డీఐఆర్ అంటారు.

ప్రాణం మీదికి రాకముందు చేసుకోవాల్సినవి కొన్ని. ఆధార్, పెళ్లి ఫొటో, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్, వీటి ఫొటోలు తల్లిగారింట్లో ఒకరి ఫోన్‌కు పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయండి. ఫోనే లేకపోతే కిరాణం కొట్టుకు పోయినప్పుడు కాగితాలే ఒకరి దగ్గర పెట్టండి. కిరాణం కొట్టు అని ఊరికే అనట్లేదు. 2020 ఏప్రిల్‌లో జమ్మూకశ్మీర్ హైకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకొని, కిరాణం షాపులు, మందుల షాపుల్లాంటివి ఆడవాళ్లు సాయం అడిగే చోట్లుగా ఉండాలని సూచించింది. స్పెయిన్‌లో అయితే కానరీ దీవుల్లో మందుల షాపుకు పోయి "మాస్క్ 19" అని అడిగితే చాలు, షాపు వాళ్లు పోలీసులకు చెప్పేవారు. మన దగ్గర అట్లాంటి కోడ్ ఏదీ లేదు. కానీ మీ గల్లీ కొట్టు అక్కతో మీరే ఒకటి పెట్టుకోవచ్చు. "ఇవాళ ఉప్పు వద్దు, రేపు తీస్కపోత" అంటే మా అన్నకు ఫోన్ చెయ్యి అని అర్థం. చిన్న పిల్లల ఆటలాగుందా? అక్క తల్లికి మొదటి కబురు పోయింది ఇంచుమించు ఇట్లనే.

దెబ్బలు తగిలి ఆసుపత్రికి పోతే డాక్టర్‌తో బాత్రూంలో జారిపడ్డా అని చెప్పకండి. ఆయన పక్కన నిలబడి ఉంటే అట్లనే చెప్తారు, నాకు తెలుసు. కొంచెం టైం దొరికినా నర్సుతో ఒంటరిగా మాట్లాడతా అనండి. అక్కడ రాసిన చీటీ రేపు కోర్టులో మాట్లాడుతుంది. జారిపడింది అని రాసి ఉంటే అది ఆయన తరఫున మాట్లాడుతుంది. అక్క విషయంలో ఒక చీటీ అట్లనే మాట్లాడింది. ఇప్పుడు కోవిడ్ వార్డుల భయంతో పెద్దాసుపత్రికి పోవడానికి వెనకాడుతున్నారు, అర్థం చేసుకోగలను. దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌లో చూపించుకున్నా చీటీ చీటీనే. ఏమీ లేకున్నా ఆగిపోవద్దు. ఈ చట్టం కింద ఆర్డర్ ధిక్కరించిన కేసులో ఆమె ఒక్కదాని సాక్ష్యం మీద కూడా కోర్టు నిర్ణయానికి రావొచ్చు.

మధ్యలో మగవాళ్లు కొందరు అడిగేది, దొంగ కేసులు ఉండవా అని. ఉంటాయి. ఏ చట్టానికి లేవు? 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 498ఏ పెట్టగానే అరెస్ట్ చేయొద్దు, ముందు నోటీస్ ఇచ్చి విచారించండి అని పోలీసులకు స్పష్టంగా చెప్పింది. డీవీసీలో అయితే అర్జీ పడగానే అరెస్టే లేదు. 77 శాతం మంది నోరే విప్పని చోట మనం ముందు దేని గురించి భయపడాలో మీరే చెప్పండి. 

ఇప్పుడు నా బాకీ. అక్క మే 20న, బస్సులు మొదలైన మర్నాడు, ఇద్దరు పిల్లలతో, ఒక సంచితో వెళ్లిపోయింది. అప్పుడు కూడా నేను కిటికీలోంచి చూశా. నెలల తర్వాత అమ్మతో కలిసి వాళ్ల తల్లిగారింటికి పోయాం. ఛాయ్ తాగుతూ, ఎంతో ధైర్యం చేసి, "అక్కా, మాకు వినిపించేది. ఏం చేయలేదు" అన్నా. ఆమె నవ్వింది. "నీ ఇంగ్లీష్ మాటలు నాకు వినిపిస్తుండె తమ్మీ. వాళ్ల మాటలు మాకు వినిపిస్తున్నయంటే మావి వాళ్లకు వినిపిస్తయి గద, ఇయ్యాల కాకుంటె రేపన్నా ఎవరో ఒకరు తలుపు కొడ్తరు అనుకుంట ఉంటి" అంది. అమ్మ ఛాయ్ గ్లాసు కింద పెట్టేసింది. దారంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

గోడకు ఇవతల ఉన్నవాళ్లు ఏం చేయొచ్చో ఆ చట్టంలోనే ఉంది, నాలుగో సెక్షన్. హింస జరిగింది, జరుగుతోంది, జరగబోతోంది అని నమ్మకం ఉంటే ఎవరైనా, బంధువు కావాల్సిన పని లేదు, రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడం కుదరదు. "మనమే చెడ్డోళ్లమైతం" అన్న మా అమ్మ భయానికి చట్టం 2005లోనే జవాబు రాసిపెట్టింది. మాకెవరికీ తెలియలేదు.

అప్పటికప్పుడు దెబ్బల చప్పుడు వింటే 100కు ఫోన్ చేయండి. ఇంటి నంబర్, గల్లీ, దగ్గరి గుర్తు, పిల్లలు ఉన్నారా, చేతిలో ఏమైనా ఉందా, ఇవి చెప్పండి. మీ పేరు ఆ ఇంట్లో చెప్పొద్దని అడగండి. హీరోలా లోపలికి దూరి ఆయన కాలర్ పట్టుకోవద్దు. మీరు వెళ్లిపోయాక ఆ కోపం ఆమె మీదే పడుతుంది. దానికంటే తలుపు కొట్టడం మేలు. 2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ బెల్ బజావో అని టీవీలో ప్రకటనలు వేసింది, గుర్తుండొచ్చు. గొడవ వినిపిస్తే బెల్ కొట్టి, పాలున్నాయా, బాల్ మీ ఇంట్లో పడిందా అని ఏదో ఒకటి అడగడం. అంతే. చెయ్యి ఎత్తినవాడు ఒక్క నిమిషం దించుతాడు. కొన్నిసార్లు ఆ నిమిషంలో పిల్లలు బయటికొచ్చేస్తారు. మాస్క్ పెట్టుకొని, గేటు బయటే నిలబడి, కరివేపాకు ఉందా అని అడగండి. తెల్లారి చెత్త బండి వచ్చినప్పుడు ఆమె బయటికొస్తే, ఆయన లేకుండా చూసి, "ఫోన్ కావాల్నా?" అని ఒక్క మాట. ఏం చేయాలో మీరు చెప్పకండి, వెళ్లిపో అనో, సర్దుకపో అనో అనకండి. ఎప్పుడు వెళ్లాలో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. వెళ్లే రోజే ఎక్కువ ప్రమాదం ఉంటుందని ఈ పని చేసేవాళ్లు చెప్తారు.

పక్కింట్లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంది. ప్రశాంతంగానే ఉంటారు. నేను ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక హెడ్‌ఫోన్స్ ఎడిటింగ్‌కు మాత్రమే వాడుతున్నా. రాత్రిపూట పెట్టుకోను. 

చివరిగా కొంచెం టెక్నికల్ విషయం. ఈ వీడియో మీ అవసరం కోసం చూస్తున్నవాళ్లు అయిపోగానే యూట్యూబ్ హిస్టరీలోంచి దీన్ని తీసేయండి. 100, 181 చేస్తే కాల్ లాగ్‌లోంచి కూడా తీసేయండి. వాట్సాప్ వెబ్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఉందేమో సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైజెస్ దగ్గర చూడండి, మీ మెసేజ్‌లు వేరే చోట చదువుతుంటే అక్కడ తెలిసిపోతుంది. అయితే అక్కడ వేరే డివైజ్ కనిపిస్తే వెంటనే లాగౌట్ కొట్టకండి, ఆయనకు అనుమానం వస్తుంది. ఆ ఫోన్ వాడటం మానేసి పక్కింటివాళ్లది అడగండి. కింద కామెంట్లలో మీ పేరు, ఊరు, ఇంటి సంగతులు రాయకండి. ఎవరైనా రాస్తే మా తమ్ముడు వెంటనే తీసేస్తాడు, తిట్టుకోవద్దు. వచ్చే ఆదివారం ఆక్సీమీటర్.